మధురానగర్‌లో మా బిల్డింగ్ హాస్టల్‌కి అడుగుతున్నారు. అసలు ఈ హాస్టళ్ళు ఎంతకాలం నిండుతాయి?

తూర్పువాకిలి | శనివారం ఉదయం 9:20

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో అమీర్‌పేట పక్కనున్న మధురానగర్‌లో మాకు 200 గజాల్లో కింద పార్కింగ్‌కి స్టిల్టు, పైన నాలుగంతస్తుల బిల్డింగ్ ఉంది. ఇన్నాళ్ళూ ఫ్యామిలీలకే ఇస్తూ వచ్చాం. ఈమధ్య రెండు పోర్షన్లు ఖాళీ అయితే టు-లెట్ బోర్డు చూసి ఒకాయన వచ్చాడు. ఆ రెండూ చాలవట, బిల్డింగ్ మొత్తం తొమ్మిదేళ్ళ లీజుకి కావాలట. లేడీస్ హాస్టల్ పెడతాడట. హాళ్ళకీ వంటగదులకీ అడ్డగోడలు కట్టి గదులు చేసుకుంటాడు, గదికో బాత్రూమ్, ఖర్చంతా తనదే. అద్దె ఇప్పుడు మాకొచ్చేదానికి దాదాపు రెట్టింపు.

మా ఆవిడ ఇచ్చేద్దాం అంటోంది. మా అబ్బాయి వద్దంటున్నాడు. "అమీర్‌పేట కోచింగులన్నీ ఆన్‌లైన్ అయిపోయాయి నాన్నా, ఇంకో మూడేళ్ళకి హాస్టళ్ళకి జనం ఉండరు. అప్పుడు ఆ అగ్గిపెట్టె గదుల్లోకి ఏ ఫ్యామిలీ వస్తుంది?" అని వాడి వాదన. కొట్టిపారేయలేను. కానీ మా వీధి మొదట్లో నిలబడి చూస్తే హాస్టల్ బోర్డులు తగ్గుతున్నట్టు లేవు, పెరుగుతున్నాయి. ఊరి చుట్టూ ఇన్ని ఫ్లాట్లు కడుతున్నారు కదా, ఇంకా వీటిల్లో ఉండేదెవరు? తెలిసినవాళ్ళు చెప్పండి.

నిజాంపేట_నాని | 9:41

ఇచ్చెయ్యండి సార్. ఫ్యామిలీ వాళ్ళయితే సున్నం వెయ్యలేదని ఒకరు, మోటారు ఆన్ చెయ్యలేదని ఒకరు మీకు ఫోన్ చేస్తారు. ఇదైతే ఒక్కడే ఫోన్ చేస్తాడు.

మెస్‌బిల్లు | 10:05

సార్, నేను ఎస్సార్‌నగర్‌లో జెంట్స్ హాస్టల్ నడుపుతున్నాను, మా ఆవిడ అదే వీధిలో లేడీస్ హాస్టల్ చూస్తుంది. మీ అబ్బాయి మాటలో సగం నిజం. నేను ఈ లైన్లోకి వచ్చిన కొత్తలో మైత్రీవనం చుట్టూ జావా, టెస్టింగ్, ఒరాకిల్ నేర్చుకునే పిల్లలతోనే బెడ్లు నిండేవి. మూడు నెలలో నాలుగు నెలలో ఉండేవాళ్ళు, ఉద్యోగం రాగానే మాదాపూర్ వైపు వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు కోచింగ్ వాళ్ళు మా దగ్గర పావు వంతు కూడా లేరు.

మరి మిగతా బెడ్లలో ఎవరు? ప్రైవేటు ఆస్పత్రుల నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు. బంగారం షాపుల్లో, బట్టల షాపుల్లో సేల్స్ చేసేవాళ్ళు. బ్యాంకులో కొత్తగా చేరినవాళ్ళు. మెడికల్ రెప్‌లు. ఊళ్ళో భార్యాపిల్లల్ని ఉంచి వచ్చిన నలభై ఏళ్ళవాళ్ళు నా దగ్గరే ఒక గది నిండా ఉన్నారు. అమీర్‌పేటలో రెండు మెట్రో లైన్లు కలుస్తాయి కాబట్టి రాయదుర్గంలో పనిచేసేవాళ్ళు కూడా ఇక్కడే దిగుతున్నారు. అక్కడికంటే ఇక్కడ బెడ్డు రెండు వేలు తక్కువ.

లెక్క కూడా చెప్తా, మీకు పనికొస్తుంది. మీ బిల్డింగ్‌లో అంతస్తుకి 20 చొప్పున 80 బెడ్లు పడతాయి. త్రీ షేరింగ్ భోజనంతో కలిపి 6,800 అనుకోండి. మొత్తం నిండితే అయిదు లక్షల నలభై వేలు. అందులో మీ అద్దె రెండు లక్షలు అనుకుందాం. సరుకులు, కూరగాయలు, పాలు, గ్యాస్‌కి లక్షన్నర దాటుతుంది. వంటమాస్టర్, హెల్పర్లు, వార్డెన్‌కి 75 వేలు. కరెంటు, నీళ్ళ ట్యాంకర్లు 60 వేలు. అంటే 70 బెడ్లు దాటాకే నాకు రూపాయి కనబడేది. పండగ నెలలో పదిమంది ఖాళీ చేశారంటే ఆ నెల నేను ఉట్టినే వండిపెట్టినట్టు. ఎవడైనా హాస్టల్ పెట్టి కోట్లు సంపాదించాడని చెబితే నమ్మకండి.

జీఎస్టీ గురించి మీకెవరైనా భయపెడితే: 2023లో కర్ణాటకలో పన్ను పడుతుందా లేదా ముందే తేల్చి చెప్పే అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ హాస్టల్ అద్దెకి 12 శాతం పడుతుందని చెప్పిన మాట నిజమే, అప్పుడు మా అందరికీ టెన్షన్ పట్టుకుంది. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ మనిషికి నెలకి 20 వేల లోపు ఉండి, కనీసం 90 రోజులు వరసగా ఉండేవాళ్ళకి మినహాయింపు ఇచ్చింది. మన ఏరియా హాస్టళ్ళన్నీ ఆ 20 వేల లోపే.

డేటా_బాబు | 10:30

ఇంత చర్చ ఎందుకండీ, ఇది శుద్ధ డబ్బు లెక్క. కొండాపూర్‌లో సింగిల్ బెడ్‌రూమ్ 20 వేలు, రెండు నెలల అడ్వాన్సు, మంచం, ఫ్రిజ్, గ్యాస్, వైఫై, పనిమనిషి. కొత్తగా చేరినవాడి చేతికొచ్చేదే 25 వేలు. హాస్టల్లో ఏడు వేలకి తిండీ పడకా. జీతాలు పెరిగిన రోజున హాస్టళ్ళు ఖాళీ. కో-లివింగ్ అని కొత్త పేరు పెట్టి బీన్‌బ్యాగ్ వేసి 15 వేలు లాగుతున్నదీ ఈ సరుకే.

నీలిగన్నేరు | 11:12

> జీతాలు పెరిగిన రోజున హాస్టళ్ళు ఖాళీ

కాదండీ. నాకు 38 ఏళ్ళు. మాదాపూర్‌లో టూ షేరింగ్‌లో ఉంటున్నాను. మీరు చెప్పిన 20 వేల ఫ్లాట్ భరించే జీతమే నాది.

విడాకులయ్యాక కొండాపూర్, మియాపూర్ అంతా ఫ్లాట్ల కోసం తిరిగాను. ఒకావిడ ఎంతో ప్రేమగా వంటగదిలో సొరుగులు కూడా తెరిచి చూపించింది. తులసి మొక్కకి నీళ్ళు పొయ్యమని కూడా చెప్పింది. తాళం చేతికివ్వబోతూ "మీ వారెక్కడ చేస్తారమ్మా?" అంది. చెప్పాను. "మా ఆయన్ని ఒక మాట అడిగి ఫోన్ చేస్తాను" అంది. ఇంతవరకు రాలేదు. ఇంకోచోట మా నాన్నగారిని తీసుకొచ్చి అగ్రిమెంటు ఆయన పేరు మీద రాయించమన్నారు. ఆయనకి 70 ఏళ్ళు, తెనాలిలో ఉంటారు, ఈ ఇంట్లో ఒక్క పూట కూడా ఉండరు. సంతకం మాత్రం ఆయనదే కావాలి.

హాస్టల్లో ఆధార్ జిరాక్స్, అడ్వాన్సు, ఒక ఫొటో. అంతే. ఎందుకొచ్చావు, ఎన్నాళ్ళుంటావు, నీ వెనక ఎవరున్నారు, ఎవరూ అడగరు.

సుఖంగా ఉందని కాదు. గీజరు ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకానే. రాత్రి పదింటికి గేటు. ఆఫీసు క్యాబ్ ఆలస్యమైతే వార్డెన్‌కి ముందే మెసేజ్ పెట్టాలి, ఈ వయసులో. నా రూమ్మేట్ నర్సు, ఎక్కువగా నైట్ డ్యూటీలు. నేను ఆఫీసుకి తయారయ్యే వేళకి ఆమె వచ్చి పడుకుంటుంది. మంచం చుట్టూ తాడు కట్టి పాత వాయిల్ చీర వేలాడదీసుకుంది. నేను లైటు వెయ్యను, ఫోన్ వెలుతురులో పిన్నులు వెతుక్కుంటాను. ఆమె ఏనాడూ లైటు వద్దని చెప్పలేదు, నేనూ అడగలేదు. మా హాస్టల్లో యాభై దాటిన ఇద్దరున్నారు. ఒకావిడ భర్త పోయాక కొడుకు ఇంట్లో ఇమడలేక వచ్చారు. వీళ్ళెవరూ మీ 25 వేల లెక్కలోకి రారు.

డేటా_బాబు | 11:25

మీ సంగతి వేరండీ. నేను మెజారిటీ గురించి చెబుతున్నా.

నీలిగన్నేరు | 11:27

ప్రతి హాస్టల్లో "వేరే సంగతి" వాళ్ళందర్నీ కలిపి లెక్కెయ్యండి ఒకసారి.

అశోక్‌నగర్_బెంచ్ | మధ్యాహ్నం 12:50

మా వైపు సంగతి కూడా రాస్తాను. అశోక్‌నగర్, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ గల్లీలన్నీ గ్రూప్స్ వాళ్ళవే. పొద్దున సెంట్రల్ లైబ్రరీ తలుపు తీయకముందే లైన్, లేకపోతే నెలకి ఇంత అని కట్టి స్టడీ హాల్లో కుర్చీ. హాస్టల్ పడుకోవడానికే.

మాకు డిమాండ్ ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? పరీక్షలు వాయిదా పడటం నుంచి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకి గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశాం. పేపర్ లీకని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ రాశాం. సెప్టెంబర్‌లో హైకోర్టు అదీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. ఆరు నెలలు ఉండి పోదామని వచ్చినవాడు అన్నేళ్ళు అదే బెడ్ మీద ఉన్నాడు. ఊరికి పోదామంటే "ఏమైంది బిడ్డా నీ పరీక్ష" అని బస్సు దిగిన దగ్గర నుంచి అడుగుతారు. అందుకని సంక్రాంతికి, దసరాకి కూడా కొందరు కదలరు. పండగకి మెస్ బంద్, బ్రెడ్డు, అరటిపండ్లే గతి.

రూమ్ తీసుకోవచ్చు కదా అంటారు. వంట చేసుకుంటే రోజుకి మూడు గంటలు పోతుంది. అందులో ఇండియన్ ఎకానమీ ఒక చాప్టర్ అయిపోతుంది.

మల్యాల_నర్సన్న | 2:15

తమ్ముడూ, నువ్వు మంచిగ చదువు. నేను దుబాయ్‌లో చాలా ఏండ్లు ఉండి వచ్చిన. మాది జగిత్యాల దిక్కు. సోనాపూర్ క్యాంపులో మావాళ్ళే ఊర్లకు ఊర్లు ఉంటరు. కంపెనీయే గది ఇస్తది, ఒకదాని మీద ఒకటి మంచాలు. కింది మంచం దొరికితే అదృష్టం, పైవాడికి మోకాళ్ళ నొప్పులుంటే మార్చుకోవాలె. ఒక ఊరోళ్ళం కలిసి మెస్ కట్టుకునేది. వంతుల వారీగా వండుడు. శుక్రవారం మటన్.

అక్కడ ఎందుకు షేరింగ్ అంటే, భార్యను తెచ్చుకోవాలంటే జీతం 4,000 దిర్హాములు ఉండాలె, లేకుంటే 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఇయ్యాలె. మాకు వచ్చేది 1,000, 1,200. ఇగ ఎవడు తెస్తడు? క్యాంపు కాకుండ బయట దేరాల, సత్వాల బెడ్ స్పేస్ తీసుకున్నోళ్ళు ఉన్నరు, ఒక్క ఫ్లాట్‌ల పది పన్నెండు మంది. ఇల్లు ఊర్లె కట్టుకుంటం, ఉండేది మాత్రం మంచం మీద. డబుల్ బెడ్‌రూమ్ స్లాబు ఏసి పదేండ్లు దాంట్ల పండనోళ్ళు మా వాడకట్టుల ఉన్నరు.

బర్కత్‌పురా_పాతకాపు | 3:40

ఈ తరం వాళ్ళు హాస్టల్ అంటే సాఫ్ట్‌వేర్‌తో పుట్టిందనుకుంటారు. 1918లోనే హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ వచ్చింది. తర్వాత నగర కొత్వాల్, అంటే పోలీసు కమిషనర్, అయిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారు దానికి మూలపురుషుడు. పల్లె నుంచి చదువుకోవడానికి వచ్చిన తెలుగు పిల్లాడికి పట్నంలో దిగడానికి చోటు లేదు. చుట్టాలుంటే సరి, లేకపోతే కులం వాళ్ళు కట్టిన హాస్టల్. ఆ వరసలో మరికొన్ని కులాల హాస్టళ్ళూ వచ్చాయి. అప్పట్లో చోటు దొరకాలంటే కులం చెప్పాలి. ఇప్పటి హాస్టల్లో డబ్బు కడితే చాలు. దీన్ని నేను చిన్న మార్పు అనుకోను. అయితే టు-లెట్ బోర్డుల మీద "వెజిటేరియన్స్ ఓన్లీ" అని రాసేవాళ్ళు ఏ ప్రశ్న అడుగుతున్నారో అందరికీ తెలుసు.

మా రోజుల్లో, అంటే ఎనభైల్లో, హాస్టల్ కాదు, రూము. నారాయణగూడ, బర్కత్‌పురా, విద్యానగర్‌లో మేడ మీద ఒక గది, కిరోసిన్ స్టవ్, ఊరి నుంచి బియ్యం మూట. అన్నం ఒకడు వండాలి, కూర ఒకడు, గిన్నెలు ఒకడు. స్నేహాలన్నీ అన్నం దగ్గర, తగాదాలన్నీ గిన్నెల దగ్గర. ఆ రూములు పోయి హాస్టళ్ళు ఎందుకొచ్చాయంటే, నా ఉద్దేశంలో, ఆడపిల్లలు ఉద్యోగాలకి రావడం వల్ల. మగపిల్లాడు మేడ మీద రేకుల గదిలో పడుంటాడు, తల్లిదండ్రులకి బెంగ లేదు. ఆడపిల్లని పంపాలంటే గేటు, వార్డెన్, వేళకి తిండి అన్నీ ఒకేచోట కావాలి. ఆ నమూనా కుదిరాక మగపిల్లలకీ అదే సుఖమనిపించింది.

మెస్‌బిల్లు | 4:02

పెద్దాయన కరెక్టుగా చెప్పారు. మా ఆవిడ హాస్టల్‌కి పిల్లని చేర్చడానికి వచ్చే నాన్నలు గది చూడరు. గేటు చూస్తారు, సీసీ కెమెరా చూస్తారు, ఆ తర్వాత వంటగదిలోకి తొంగిచూస్తారు. వెళ్ళేటప్పుడు మాత్రం మంచం మీద చెయ్యి వేసి పరుపు నొక్కి చూస్తారు, అందరూ.

రెండోవీధి | 5:18

అందరూ ఉండేవాళ్ళ కష్టాలు రాస్తున్నారు. పక్కింటివాళ్ళ సంగతి నేను రాస్తాను. తూర్పువాకిలి గారూ, మీ పక్కింటివారిని అడిగారా?

మా ఇంటి పక్కన సరిగ్గా ఇలాగే ఫ్యామిలీ బిల్డింగ్ హాస్టల్ అయింది. ఎనిమిది కుటుంబాలున్నచోట ఇప్పుడు ఎనభై మంది. డ్రైనేజీ పైపు మాత్రం పాతదే. నెలకోసారి మ్యాన్‌హోల్ పొంగుతుంది, మా గుమ్మం ముందే. ఎండాకాలం మొదలు కాకముందే ట్యాంకర్లు. తెల్లారుజామున నాలుగింటికి ఆ మోటారు చప్పుడు. మా బోరు ఎండిపోయింది, వాళ్ళు ఇంకో బోరు లోతుగా వేశారు. బైకులు మా గేటుకి అడ్డంగా. స్టిల్టులో పార్కింగ్ ఉండాల్సినచోట డైనింగ్ హాలు, మరి బైకులు ఎక్కడ పెడతారు?

భద్రత సంగతి ఎవరూ ఎత్తలేదు. 2024 నవంబర్‌లో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాది తవ్వుతుంటే చిన్న జాగాలో లేపిన బిల్డింగ్ ఒకటి ఒరిగింది. లోపలివాళ్ళు బయటికి పరిగెత్తారు, తర్వాత దాన్ని కూల్చేశారు. అలాంటి ఇరుకు బిల్డింగులకే జనం ఎక్కువ. మీ బిల్డింగ్ కూడా ఫ్యామిలీల బరువుకి కట్టిందే. గదికో బాత్రూమ్ అంటే అదనపు గోడలు, టైల్స్, నీళ్ళ ట్యాంకులు. ఇంజినీరుకి చూపించకుండా ఊఁ అనకండి.

నిజాంపేట_నాని | 5:30

అంకుల్ చెప్పింది పాయింటే. నేను నవ్వులాటకి రాశాను గానీ ఇది మాత్రం చూసుకోండి సార్.

కరకట్ట | సాయంత్రం 6:45

మెస్‌బిల్లు గారు నలభై ఏళ్ళవాళ్ళ గది అన్నారు. మా కథ వినండి. నాది ఆంధ్రప్రదేశ్ సచివాలయంలో ఉద్యోగం. 2016లో కొత్త రాజధాని అమరావతిలోని వెలగపూడికి రమ్మన్నారు. పిల్లల చదువులు, ఆవిడ ఉద్యోగం, సొంతిల్లు అన్నీ హైదరాబాద్‌లో. ప్రభుత్వం ఉచిత వసతి ఇచ్చింది, షేరింగ్‌లోనే. వారానికి అయిదు రోజుల పని ఇచ్చింది. ఏడాదికని మొదలుపెట్టి పొడిగిస్తూ వచ్చారు. శుక్రవారం సాయంత్రం లింగంపల్లి ఇంటర్‌సిటీలో ఎక్కితే సగం బోగీ మావాళ్ళే.

యాభై దాటాక మళ్ళీ రూమ్మేట్లు. ఒకాయన గురక, ఇంకొకాయన తెల్లవారుజామున విష్ణు సహస్రనామం. బీపీ మాత్రల డబ్బాలు నలుగురివీ ఒకే కిటికీ గట్టు మీద, ఎవరివి ఏవో తెలియక మూతల మీద పేర్లు రాసుకున్నాం. కుటుంబాన్ని తరలించరా అని అందరూ అడుగుతారు. రాజధాని అక్కడే ఉంటుందో లేదో తెలియని రోజుల్లో పిల్లని పదో తరగతి మధ్యలో ఏ నమ్మకంతో తీసుకొస్తాం? ఎటూ తేలని వాళ్ళకి షేరింగే దిక్కు.

డాలస్_సుబ్బు | 9:10

ఇక్కడా అంతే గురూ. డబుల్ బెడ్‌రూమ్ అపార్టుమెంటులో అయిదుగురం. హాల్లో పరుపు వేసుకున్నవాడికి అద్దె తక్కువ. చదువు అయ్యాక ఉద్యోగం ఏ స్టేట్‌లో వస్తుందో తెలియదు, కాబట్టి సామాను కొనం. ఉద్యోగం వచ్చిన మూడో ఏడు కూడా షేరింగ్‌లోనే ఉన్నవాళ్ళు బోలెడు. లోన్ తీరాలిగా.

మోడరేటర్ | 9:32

హాస్టల్ ప్రకటనలు, ఫోన్ నంబర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. దయచేసి చర్చ వరకే.

డేటా_బాబు | 9:50

సరే, ఒక ప్రశ్న. ఇంత గట్టి డిమాండ్ అయితే 2020లో ఎందుకు కుప్పకూలింది?

మెస్‌బిల్లు | 10:20

కుప్పకూలిందా అని అడగకండి, మా మెడ విరిగింది. మార్చిలో లాక్‌డౌన్ అనగానే కొన్ని హాస్టళ్ళు ఖాళీ చెయ్యమన్నాయి. పిల్లలంతా పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం లైన్లు. బైకుల మీద, కార్లలో ఆంధ్రా వైపు బయల్దేరితే గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. హాస్టళ్ళు మూయొద్దని ఇక్కడ ప్రభుత్వం చెప్పింది. కానీ ఆ తర్వాత వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చి మెల్లిగా అందరూ పోయారు. తెలిసినవాళ్ళు మంచాలు పాత ఇనుప సామాను వాళ్ళకి కిలోల లెక్కన అమ్మి ఊరెళ్ళిపోయారు.

కానీ గమనించారా, అప్పుడు కూడా నర్సులు, మెడికల్ షాపుల కుర్రాళ్ళు మా దగ్గరే ఉన్నారు. ఆఫీసులు తెరవగానే మిగతావాళ్ళు వచ్చేశారు. తిరిగొచ్చినవాళ్ళు రెండేళ్ళ జీతం దాచుకుని వచ్చారు, అయినా ఫ్లాట్ తీసుకోలేదు. ఎందుకంటే కంపెనీ మళ్ళీ ఇంటికి పొమ్మంటే పదకొండు నెలల అగ్రిమెంటు మెడకి చుట్టుకుంటుంది. హాస్టల్ అయితే బ్యాగు సర్దుకుని పోవచ్చు. నెల ముందు చెప్పాలని మేం బోర్డు పెడతాం. ఎవడూ చెప్పడు. రెండు వేల అడ్వాన్సు వదిలేసి పోతాడు. వాడు కొనుక్కుంటున్నది ఆ పోగలిగే వీలునే.

తూర్పువాకిలి | ఆదివారం ఉదయం 8:05

అందరికీ ధన్యవాదాలు. మా అబ్బాయికి ఇదంతా చదివి వినిపించాను. కోచింగ్ ఒక్కటే కాదన్నది ఒప్పుకున్నాడు, రెండోవీధి గారి పోస్టు దగ్గర మాత్రం ఆగిపోయాడు.

ఇవ్వడానికే మొగ్గుతున్నాను, కొన్ని షరతులతో. ముందు ఇంజినీరు చూడాలి. ఎనభై బెడ్లకి ఒప్పుకోను, అరవై దాటకూడదు. కిటికీ లేని గది ఉండకూడదు. స్టిల్టు పార్కింగ్‌కే. డ్రైనేజీ కనెక్షన్ పెద్దది వేయించాలి, ఆ ఖర్చు నేను సగం పెట్టుకుంటాను. అద్దె కొంత తగ్గించుకుంటాను. మెస్‌బిల్లు గారూ, అరవైకి ఆయనకి గిట్టుబాటు అవుతుందా? లీజు రిజిస్టర్ చేయించాలా?

మెస్‌బిల్లు | 8:40

ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాల్సిందే సార్. ఖర్చు మామూలుగా హాస్టల్ వాళ్ళే పెట్టుకుంటారు, బేరమాడండి. అరవై అంటే త్రీ షేరింగ్ కుదరదు, టూ షేరింగ్ ఎక్కువ చేసి బెడ్డు 9 వేలకి పెట్టాలి. అద్దె మీరు లక్షా అరవైకి దిగితే నడుస్తుంది. లేడీస్ హాస్టల్ కాబట్టి ఆ రేటుకి వస్తారు. ట్రేడ్ లైసెన్సు, ఫుడ్ లైసెన్సు ఆయన పేరు మీదే ఉండాలని రాయించండి. ఇంటి పన్ను మారుతుందేమో సర్కిల్ ఆఫీసులో ముందే కనుక్కోండి. లేకపోతే తర్వాత మీ మీద పడుతుంది.

రెండోవీధి | 8:58

ట్యాంకరు ఆరింటికి ముందు రాకూడదని కూడా రాయించండి. మీ పక్కింటివాళ్ళ తరఫున అడుగుతున్నా.

నీలిగన్నేరు | 9:15

బెడ్‌కో ప్లగ్ పాయింట్, తాళం పడే అల్మరా కూడా. గేటు టైము పదకొండు చెయ్యమనండి. ఎప్పుడు తెరుస్తారో ఇక్కడే చెప్పండి సార్, మా ఆఫీసులో ఇద్దరు ఇప్పట్నుంచే అడుగుతున్నారు.